గ్రనాడాలో సగం, అల్‌పుహర్రాలో సగం



యూరప్ యాత్ర అనగానే మనవాళ్లు వేసుకునే పట్టిక ఒకటుంది. పది రోజులు, ఏడు నగరాలు. పొద్దున బస్సు, మధ్యాహ్నం చర్చి, సాయంత్రానికి ఇంకో ఊళ్లో హోటలు. స్పెయిన్ వెళ్లేవారూ ఇలాగే వెళ్తున్నారు. మాడ్రిడ్, బార్సిలోనా, సెవిల్, కొర్దొబా, గ్రనాడా అన్నీ చుట్టేసి వస్తారు. ఇంటికొచ్చి ఫోటోలు తీస్తే ఏ గోపురం ఏ ఊరిదో గుర్తుకు రాదు. అంత డబ్బు పెట్టి, అంత దూరం వెళ్లి ఇలా రావడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈరోజు వేరే రకం ప్రయాణం గురించి చెబుతాను. దక్షిణ స్పెయిన్‌లోని అందలూసియాలో రెండే రెండు మకాములు. ఒకటి గ్రనాడా నగరం. రెండోది ఆ నగరానికి దక్షిణాన, సియెర్రా నెవాడా మంచుకొండల అవతలి వాలులో ఉన్న అల్‌పుహర్రా పల్లెలు. చేతిలో ఎనిమిది రాత్రులుంటే నాలుగు అక్కడ, నాలుగు ఇక్కడ.

ఈ రెండే ఎందుకంటే, దగ్గర దగ్గరగా ఉండటం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం వేరే ఉంది. ఈ నగరాన్ని, ఆ పల్లెలను తీర్చిదిద్దింది ఒకే జనం. 711లో ఆఫ్రికా నుంచి జలసంధి దాటి వచ్చిన అరబ్బులు, బెర్బర్లు, ఆ తర్వాత వారి సంతతి ఈ దేశంలో వందల ఏళ్లు బతికారు. వారి చివరి రాజ్యం గ్రనాడా. నస్రిద్ వంశం 1238 నుంచి అక్కడ ఏలింది. 1492 జనవరి 2న చివరి సుల్తాను బొఅబ్దిల్ తన కోటను క్రైస్తవ రాజదంపతులు ఫెర్డినాండ్, ఇసబెల్లాలకు అప్పగించాడు. ఆ తర్వాత అతనికి ఉండమని ఇచ్చిన భూములు అల్‌పుహర్రాలోనే. అక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. 1493లో సముద్రం దాటి మొరాకోలోని ఫెజ్ నగరానికి వెళ్లిపోయాడు. అంటే మీరు గ్రనాడా నుంచి కొండ ఊరికి ఎక్కే బస్సు, ఆ ఓడిపోయిన రాజు పోయిన దిక్కుకే పోతుంది.

ఇక ప్రయాణం ఏర్పాట్ల సంగతి. విమానం టికెట్టుకన్నా ముందు చూడాల్సింది అల్‌హాంబ్రా టికెట్టు. అల్‌హాంబ్రా అంటే గ్రనాడా గుట్ట మీద నస్రిద్ సుల్తానులు కట్టిన కోట, అంతఃపురాలు, తోటలు అన్నీ కలిపి. రోజుకు ఇంతమందినే లోపలికి పంపుతారు. అందులో నస్రిద్ రాజప్రాసాదాలకు ప్రత్యేకంగా ఒక సమయం ఇస్తారు. ఆ సమయం దాటిపోతే లోపలికి పోనివ్వరు. టికెట్టు మీద మీ పేరుంటుంది, చేతిలో అసలు పాస్‌పోర్టు ఉండాలి. వారాల ముందే అయిపోతాయి కాబట్టి తేదీలు ఖాయం చేసుకునే ముందే కోట నిర్వహణ సంస్థ అధికారిక వెబ్‌సైటులో చూసుకోండి. దిగిన రోజే తీసుకోవద్దు. ఒళ్లు అలసి, కళ్లు మూతలు పడుతుంటే చూసే చోటు కాదది. మూడో రోజు పొద్దున పూట మంచిది. అప్పటికి ఊరి దారులు తెలిసి ఉంటాయి. ఎదుటి గుట్ట మీది నుంచి కోటను చూసి కూడా ఉంటారు.

ఆ కోటలో దేనికోసం చూడాలి? గోడల మీది సున్నపు చెక్కడం, పైకప్పుల తేనెపట్టు పని, రంగుపలకలు అందరూ చూస్తారు. చూడాల్సినవే. నేను మాత్రం నీటిని చూడమంటాను. గుట్ట ఎత్తు మీద ఉంది, దార్రో నది కింద లోయలో ఉంది. కింది నీరు పైకి ఎలా వచ్చింది? నస్రిద్ వంశంలో మొదటి సుల్తాను కాలంలోనే, నదికి ఎగువన ఆరు కిలోమీటర్ల అవతల అడ్డుకట్ట వేసి, అక్కడినుంచి కొండ పక్కనే సన్నటి వాలుతో కాలువ తవ్వి తెచ్చారు. ఏ యంత్రమూ లేకుండా నీరు తనంతట తాను నడిచి కోటకు వచ్చింది. దాన్ని రాచ కాలువ అంటారు. హెనెరాలీఫె అనే వేసవి విడిది తోటలో నడుమ పారేది ఆ నీరే. అదే తోటలో పైన ఒక మెట్లదారి ఉంది. ఆ మెట్లకు రెండు పక్కలా ఉన్న పిట్టగోడల పైభాగం తొలిచి కాలువ చేశారు. మెట్లు ఎక్కుతూ చెయ్యి వేస్తే చేతి కింద నీళ్లు పారుతుంటాయి. ఎండాకాలంలో మనిషికి ఏం కావాలో తెలిసినవాళ్లు కట్టిన మెట్లవి.

సింహాల ప్రాంగణం సరేసరి. పన్నెండు పాలరాతి సింహాలు, వాటి మీద పెద్ద రాతి పళ్లెం, నాలుగు దిక్కులా గదుల్లోకి పోయే సన్న కాలువలు. ఆ పళ్లెం అంచున ఆస్థాన కవి ఇబ్న్ జమ్రక్ పద్యం చెక్కి ఉంది. ఆ పద్యంలో వర్ణన కూడా నీటి గురించే. అక్కడ కాసేపు నిలబడండి. గుంపులు గుంపులుగా జనం వస్తారు, పోతారు. రెండు గుంపుల మధ్య కొద్దిసేపు ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీ కోసం ఆగడం తెలియాలి.

కోట మొత్తానికి సగం రోజు పెట్టుకోండి. మిగతా రోజులు ఊరికి. కోటకు ఎదురుగా ఉన్న గుట్ట మీద అల్బయిసీన్ అనే పాత పేట ఉంది. అల్‌హాంబ్రాను యునెస్కో 1984లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఈ పేటను 1994లో కలిపింది. తెల్లటి ఇళ్లు, ఇరుకు సందులు, గులకరాళ్లు పరిచిన నేల. మోకాళ్ల నొప్పులున్నవారు జాగ్రత్త. చిన్న సిటీ బస్సులు పైదాకా వెళ్తాయి, వాటిలో ఎక్కి నడుస్తూ దిగండి. సందుల మూలల్లో ఇటుక కమానుల కింద మూసిన గుమ్మాలు కనిపిస్తాయి. అవి పాత నీటి తొట్లు. ముస్లింల కాలంలో పేట అంతటికీ తాగునీరు నిలవ చేసినవి. ఇరవైకి పైగా ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ నీరు వచ్చింది ఊరికి ఈశాన్యాన అల్ఫకార్ గ్రామంలోని పెద్ద ఊట నుంచి. కవి ఫెదెరీకో గార్సియా లోర్కాను 1936 ఆగస్టులో కాల్చి చంపింది ఆ ఊట దగ్గరి కొండల్లోనే. గ్రనాడా మైదానంలోని ఫ్వెంతె వకేరోస్ గ్రామంలో పుట్టాడాయన. ఆయన దేహం ఈనాటికీ దొరకలేదు.

అల్బయిసీన్ పక్కనే సక్రోమోంతె గుట్ట. అక్కడ కొండను తొలిచి ఇళ్లు చేసుకుని జిప్సీలు బతికారు. వాళ్ల గుహల్లో ఇప్పటికీ ఫ్లమెంకో ఆడతారు, పాడతారు. ఈ జిప్సీల పూర్వీకులు వాయవ్య భారతం నుంచి బయల్దేరి, తరాల తరబడి నడిచి, పదిహేనో శతాబ్దంలో స్పెయిన్ చేరారు. వారి జాతి భాషలో నేటికీ మన దేశపు మాటలు వినిపిస్తాయి. ఆ ఆట చూస్తున్నప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోండి.

నాలుగు రాత్రులయ్యాక సంచి సర్దుకుని గ్రనాడా బస్టాండుకు వెళ్లండి. బస్టాండు ఊరి చివర ఉంటుంది, కాస్త ముందే బయల్దేరాలి. అల్‌పుహర్రాలోని పొకెయిరా లోయకు వెళ్లే బస్సులు రోజుకు కొన్నే. లన్‌హరోన్, ఓర్హివా ఊళ్ల మీదుగా వెళ్లి, అక్కడినుంచి మలుపు మీద మలుపు తిరుగుతూ పైకి ఎక్కుతాయి. మొత్తం రెండు, రెండున్నర గంటలు. మలుపులు పడనివారు ముందు సీట్లో కూర్చోవడం మేలు. కారు అద్దెకు తీసుకోవచ్చు కానీ ఆ దారులు, ఆ ఊళ్ల సందులు కొత్తవారికి కష్టం. పెద్దవాళ్లు వెంట ఉంటే తప్ప నేను బస్సే అంటాను. కారే కావాలనుకుంటే మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్లాలి.

లోయ అంచున ఒకదాని పైన ఒకటిగా మూడు ఊళ్లున్నాయి. అడుగున పంపనెయిరా, నడుమ బుబియోన్, పైన కపిలెయిరా. పంపనెయిరా వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే కపిలెయిరా 1,400 మీటర్లు దాటుతుంది. వాటి వెనుక ములాసేన్ శిఖరం, దాదాపు 3,480 మీటర్లు. ఐబీరియా ద్వీపకల్పం మొత్తంలో అంత ఎత్తయినది ఇంకొకటి లేదు. దానికి ఆ పేరు వచ్చింది బొఅబ్దిల్ తండ్రి నుంచే. మే నెలలో కూడా పైన మంచు కనిపిస్తుంది. నడవగలిగినవారు కపిలెయిరాలో దిగండి. మెట్లు, ఎత్తులు పడనివారికి పంపనెయిరా నయం.

అక్కడి ఇల్లు ఎలా ఉంటుందో రాయలసీమలో మట్టి మిద్దె కింద పెరిగినవారికి వర్ణించనక్కర్లేదు. రాతి గోడ, చెక్క దూలాలు, వాటి మీద పలకరాళ్లు, ఆ పైన నీరు దిగని బూడిదరంగు మన్ను గట్టిగా పరిచిన చదును కప్పు. మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి, సాయంత్రం కూర్చోవడానికి ఆ కప్పే చోటు. మొరాకోలోని అట్లాస్ కొండల్లో బెర్బర్లు కట్టుకునే ఇళ్లు అచ్చం ఇవే. అందలూసియాలో మిగతా తెల్లటి ఊళ్లలో చాలావాటికి పెంకు కప్పులు. ఈ చదును కప్పు అల్‌పుహర్రా గుర్తు.

ఆ ఊళ్లో మీకు రోజంతా వినిపించేది నీటి చప్పుడు. వీధి మధ్యలో సన్న కాలువ, మలుపులో ఊట, తోటల్లో కాలువ. ఇదంతా ఎక్కడినుంచి వస్తోందో తెలుసుకోవడానికే ఈ యాత్రలో రెండో సగం పెట్టాను. వినండి. ఆ కొండల మీద వేసవిలో వాన పెద్దగా పడదు. మంచు కరిగే కాలంలో నీరు ఒక్కసారిగా వస్తుంది, పొలానికి నీరు కావాల్సింది ఆ తర్వాత. ఆనకట్ట కట్టే స్తోమత లేదు. అప్పటి రైతులు ఏం చేశారంటే, పొలాలకు చాలా ఎత్తున, మంచు కరిగే చోటుకు దగ్గరగా కొండ చుట్టూ కాలువలు తవ్వారు. వసంతంలో కరిగిన మంచునీటిని ఆ కాలువల్లోకి మళ్లించి, రాయి పగుళ్లు ఉండి నీరు పీల్చే చోటు చూసి, అక్కడ వదిలేస్తారు. నీరు భూమిలో ఇంకిపోతుంది. లోపల లోపలే మెల్లగా దిగుతూ, వారాలకో నెలలకో, నడి వేసవిలో, కింది ఊళ్లలో ఊటలుగా పైకి వస్తుంది. కొండనే వాళ్లు నీటి గాదె చేసుకున్నారు. ఏ చోట వదిలితే ఏ ఊటలో తేలుతుందో తండ్రి కొడుకుకు చెప్పేవాడు. మధ్యయుగాల నాటి ఈ కాలువలను ఇప్పటికీ వాడుతున్నారు. వాటిని చూసుకోవడానికి ఊరు నియమించుకున్న నీరుగంటి ఉంటాడు. చేలకు వంతులు పెట్టేదీ అతనే.

ఇరవయ్యో శతాబ్దంలో పల్లెలు ఖాళీ అయి, మనుషులు పట్నాలకు పోయాక, చాలా కాలువలు పూడిపోయాయి. 2014 నుంచి గ్రనాడా విశ్వవిద్యాలయంలోని పురావస్తు పరిశోధకులు, విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు ఊరివాళ్లతో కలిసి పారలు పట్టుకుని వాటిని తిరిగి తవ్వుతున్నారు. కన్యార్ అనే ఊళ్లో ఏళ్ల తరబడి ఎండిన కాలువలో మళ్లీ నీరు పారింది. పాత కాలువ అంటే చూసి వచ్చేసే అవశేషం అనుకునే రోజుల్లో, దాన్ని పనిలో పెట్టిన ఈ మనుషులంటే నాకు ఎంతో గౌరవం.

ఆ కాలువలు తవ్వినవారి గతి కూడా చెప్పాలి. కోట అప్పగింత ఒప్పందంలో మతం జోలికి రామన్న మాట కొన్నేళ్లకే చెదిరిపోయింది. వారిని బలవంతంగా క్రైస్తవంలోకి మార్చారు. వేషం మీద, భాష మీద, ఆచారం మీద నిషేధాలు వచ్చాయి. 1568లో అల్‌పుహర్రా తిరగబడింది. 1571 వరకు సాగిన ఆ యుద్ధాన్ని రెండో ఫిలిప్ రాజు అణచివేసి, ఆ జనాన్ని గ్రనాడా రాజ్యం నుంచే వెళ్లగొట్టి దేశమంతా చెదరగొట్టాడు. ఖాళీ అయిన ఊళ్లలోకి గలీసియా వంటి ఉత్తరాది ప్రాంతాల నుంచి కొత్త కుటుంబాలను తెచ్చి నిలిపారు. వాళ్లకు ఈ కాలువల లెక్క తెలియదు. దాన్ని చూపించడానికి ఊరికి రెండు పాత కుటుంబాలను ఉండనిచ్చారని అక్కడ చెప్పుకుంటారు. మనుషులు పోయారు, వాళ్ల నీరు మిగిలింది. అల్‌హాంబ్రాలో రాజుల వైభవం చూసినవారు ఈ పల్లెల్లో ఆ ప్రజల కష్టం చూడకుండా వచ్చేయకూడదని నేను పట్టుబట్టడం ఇందుకే.

ఊళ్ల మధ్య కాలిబాటలున్నాయి. పంపనెయిరా నుంచి బుబియోన్ మీదుగా కపిలెయిరాకు ఎక్కడానికి గంటన్నర పట్టవచ్చు. దిగడం తేలిక. ఒక రోజు ఈ నడక, ఇంకో రోజు లోయ అడుగుకు దిగి వంతెన దాటి రావడం, ఒక రోజు ఏమీ చేయకుండా ఉండటం. ఆ మూడో రోజును దయచేసి తీసేయకండి. మంచి పట్టున్న బూట్లు, రాత్రికి స్వెటరు ఉండాలి. మే నెలలో కూడా అక్కడ రాత్రి చలి వేస్తుంది. ఊళ్లలో నేత నేసే దుకాణాలున్నాయి. పాత గుడ్డపేలికలను పడుగు మీద నేసిన రంగురంగుల దుప్పట్లు, తివాచీలు కొనదగ్గవి.

తిండి దగ్గరికి వద్దాం. మధ్యాహ్న భోజనం రెండు గంటలకు, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. నడుమ చాలా వంటశాలలు మూసి ఉంటాయి, దుకాణాలూ అంతే. పిల్లలుంటే చేతిలో ఏదో ఒకటి ఉంచుకోవాలి. శాకాహారులకు ముఖ్యమైన హెచ్చరిక. అక్కడ ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. ఎండబెట్టిన పందితొడ ముక్కలను చాలామంది మాంసం లెక్కలో వేయరు. పక్కనే ఉన్న త్రెవేలెస్ ఊరు దానికే పేరుపొందింది. చల్లటి టమాటా పులుసు మీద కూడా చల్లేస్తారు. ‘సిన్ హమోన్, సిన్ పెస్కాదో’ అని చెప్పండి. పందితొడ వద్దు, చేప వద్దు అని. గ్రనాడా బార్లలో చాలాచోట్ల పానీయం తీసుకుంటే ఒక చిన్న పళ్లెం తినుబండారం ఉచితంగా పెడతారు. పందితొడ వద్దన్న మాట అప్పుడే చెప్పాలి. మద్యం తాగనివారు మోస్తో అనే ద్రాక్షరసం అడగవచ్చు. ఆలూ వేసిన గుడ్ల అట్టు, బంగాళదుంప, క్యాప్సికం, ఉల్లి కలిపి నూనెలో మగ్గబెట్టిన కూర, టమాటా గుమ్మడి జాతి కూరలతో చేసే పిస్తో మనకు బాగా నచ్చుతాయి.

అన్నిటికన్నా వంకాయ. సన్నగా తరిగి, పిండిలో ముంచి వేయించి, పైన నల్లటి చెరకు పాకం పోసి పెడతారు. వంకాయా, చెరకూ మన వైపు నుంచి వెళ్లినవే. పారశీకుల చేతులు మారి, అరబ్బుల వెంట ఆ తీరం చేరి పాతుకుపోయాయి. గ్రనాడా సముద్రతీరంలో దాదాపు వెయ్యేళ్లు చెరకు పండింది. చివరి చక్కెర మిల్లు 2006లో మూతపడింది.

ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లేవారికి ఒక మాట. యూరోపియన్ యూనియన్‌లోకి బయటిదేశాల మాంసం, పాల పదార్థాలు తేనివ్వరు. అంటే నెయ్యి, పాలకోవా కుదరవు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్లకూడదు. కందిపొడికి ఇబ్బంది లేదు. కొండ ఊళ్లో వంటిల్లున్న ఇల్లు అద్దెకు దొరుకుతుంది. అన్నం వండుకుని కందిపొడి కలుపుకోవచ్చు.

ఎప్పుడు వెళ్లాలి? జులై, ఆగస్టుల్లో గ్రనాడా పగటి ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు వద్దు. మే నెల, లేకపోతే సెప్టెంబరు చివర, అక్టోబరు. మన బడి సెలవులు మే నెలలోనే కాబట్టి పిల్లలున్నవారికి అదే అనువు. వీసా షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. వేసవిలో రద్దీ ఎక్కువ, జనవరి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. మాడ్రిడ్‌లో దిగితే గ్రనాడాకు వేగపు రైలుంది, మూడున్నర గంటల దారి. మాలగాలో దిగగలిగితే ఇంకా మంచిది, అక్కడినుంచి బస్సులో సుమారు రెండు గంటలే.

అనంతపురం వైపు శ్రోతలకు ఇంకొక్క మాట. 1969లో అనంతపురం వచ్చి, అక్కడి పేద పల్లెల కోసం 2009లో కన్నుమూసే వరకు పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ దేశస్థుడే, బార్సిలోనాలో పుట్టినవాడు. ఆయన సంస్థకు విరాళం ఇచ్చి మన పిల్లలను చదివించినవారు స్పెయిన్ నలుమూలలా ఉన్నారు. మాది అనంతపురం అని చెప్పడానికి ఆ దేశంలో మొహమాటపడనక్కర్లేదు.

చివరగా, తిరుగు ప్రయాణం. కొండ ఊరి నుంచి దిగిన రోజే విమానం ఎక్కేలా పెట్టుకోవద్దు. బస్సులు తక్కువ, ఒకటి తప్పితే తర్వాతిది గంటల తర్వాతే. ముందు రోజే దిగి, ఆఖరి రాత్రి విమానాశ్రయమున్న ఊళ్లో పడుకోండి. ఆ రాత్రి కోసం నగరం వాటాలో ఒకటి తగ్గించుకోండి కానీ, పల్లె వాటా ముట్టుకోవద్దు.